నర్సరీ క్లాసు కెమెరాకు దండం

బిడ్డను బడికి తోలి, సాయంత్రం వ్యాన్ దిగేదాకా నిమ్మళంగా తమ పని తాము చేసుకునే తల్లిదండ్రులు ఈ కాలంలో కూడా ఉన్నారట! నాకు వాళ్ల మీద కోపం లేదు. జాలి మాత్రమే.

పాపం, తమ బిడ్డ క్లాసులో ఎన్నిసార్లు ఆవులించిందో వాళ్లకు తెలియదు. ముక్కులో పెట్టుకున్న వేలు కుడిచేతిదో ఎడమచేతిదో తెలియదు. డబ్బాలోని అన్నం కడుపులోకి పోయిందా, బెంచీ కిందికి పోయిందా, అదీ తెలియదు. చీకట్లో బతుకుతున్నారు! మేము కూడా నిన్నమొన్నటిదాకా ఆ చీకట్లోనే ఉన్నాం. ఇప్పుడు వెలుగులోకి వచ్చాం.

మా బిడ్డ క్లాసులో కెమెరా పెట్టారు.

మాది కొత్తకోట దగ్గర పల్లె. పల్లీలు, పత్తి, నీళ్లుంటే కొంచెం వరి. నా డిగ్రీ సర్టిఫికెట్ బీరువాలో ఉంటుంది, నేను చేనులో ఉంటాను. ఇద్దరం క్షేమమే. మా బిడ్డ నిహారికకు నాలుగేళ్లు. పెద్ద రోడ్డు పక్కనున్న ఇంగ్లీషు మీడియం బడిలో నర్సరీ. బడి పేరు చెప్పను. చెబితే వాళ్లకు ఉచితంగా ప్రచారం, నాకు ఒరిగేది సున్నా. ఈ ఏడు ఆ బడివాళ్లు క్లాసుకొక కెమెరా బిగించి, తల్లిదండ్రుల సెల్లుల్లో ఒక యాప్ వేయించారు. నొక్కితే చాలు, క్లాసు మొత్తం అరచేతిలో లైవ్!

బొమ్మ కనపడుతుంది కానీ మాట వినపడదు. అదేం పెద్ద లోటు కాదు. డబ్బింగ్ మా అమ్మ చెబుతుంది.

కెమెరా రాకముందు మా ఇల్లెంత వెనుకబడి ఉండేదో తలచుకుంటే నాకే సిగ్గేస్తుంది. బడిలో ఏం జరిగిందన్నదానికి మాకు ఒకే ఒక్క సాక్షి ఉండేది. ఆ సాక్షికి నాలుగేళ్లు. చెడ్డీ ముందూ వెనకా ఇంకా తెలియదు. ఆ సాక్ష్యాన్ని ఏ కోర్టు ఒప్పుకుంటుంది? మేము మాత్రం ఒప్పుకునేవాళ్లం! వ్యాన్ దిగి, బ్యాగు గడప మీద పడేసి, ఒక బూటు విప్పి రెండోది మరిచిపోయి, నిహారిక మా అమ్మ నర్సింగమ్మ పక్కన నులకమంచం ఎక్కేది.

"అవ్వా, ఇయ్యాల మా క్లాసులకు ఒంటె వచ్చింది."

"అవునా బిడ్డా! వచ్చి ఏమన్నదే?"

"మే ఐ కమిన్ అన్నది."

"మరి మీ టీచరమ్మ ఏమన్నది?"

"లేటుగ వస్తవా, బయట నిలవడు అన్నది."

"అయ్యో, గింత ఎండల నిలవెట్టిందా! నీళ్లన్న తాగిందా పాపం?"

ఇంక చూడండి. మా అమ్మ ఆ ఒంటెకు నీళ్లు తాపాలి. ఊళ్లో జాకెట్లు కుట్టే నా భార్య మంజులత దానికి యూనిఫాం కొలతలు తీయాలి. మెడకు ఎంత గుడ్డ పడుతుందో లెక్క తేలాలి. నేను దానికి వ్యాన్‌లో సీటు ఇప్పించాలి. ఈలోపు పాలు చల్లారిపోయేవి, పొయ్యి మీద పప్పు అడుగంటేది. ఒక్క అబద్ధం వల్ల ఒక కుటుంబానికి ఎంత నష్టం!

కెమెరా ఈ అన్యాయాన్ని ఒక్క దెబ్బతో ఆపింది.

సెల్లు తెర చిన్నగా ఉందని, అద్దాలు పెట్టుకున్నా మనుమరాలు మినపగింజంతే కనపడుతుందని మా అమ్మ గోల పెడితే, మా బామ్మర్ది వచ్చి ఆ యాప్‌ను టీవీకి కలిపిపోయాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో సీరియళ్లు బంద్. టీవీలోని అత్తాకోడళ్లకు సెలవు దొరికింది, ఇంట్లోని అత్తాకోడళ్లకు పని దొరికింది.

"ఓ పిల్లా, బిడ్డ ముక్కు కారుతాంది సూడు!"

"చూసిన అత్తమ్మా. నిహా! తుడుచుకోవే! ఓ నిహా!"

మంజులత టీవీ మీద అరుస్తుంది. టీవీ వినదు. అప్పుడు మెర్సీ టీచర్‌కు ఫోన్ పోతుంది. "టీచర్, జర మా పాప ముక్కు తుడువుండ్రి. ఆ పాప కాదు టీచర్, ఆమె పక్కన. ఆ... ఆమెనే."

ఆ తల్లి పాపం ఎంత మంచిదో! తుడుస్తుంది, తుడిచి కెమెరా వైపు తిరిగి నవ్వుతుంది. నవ్వు పూర్తికాకముందే ఇంకొక ఇంటి నుంచి ఇంకొక ముక్కు గురించి ఫోన్. మరి ఏబీసీడీలు ఎప్పుడు చెబుతుందని అడుగుతారేమో. పిల్లలకు ఏబీసీడీలు ముఖ్యమా, శుభ్రత ముఖ్యమా?

కెమెరా వల్ల ఊరు ఒక్కటైంది. అవును, ఏ సంఘమూ చేయలేని పని! ఎదురింటి ఐలేశం చిన్నాయిన కిరాణం కొట్టు నడుపుతాడు. పొద్దున్నే గల్లాకు తాళం వేసి, కుర్చీ తన ఇంటి నుంచే మోసుకుని మా ఇంటికొస్తాడు.

"వదినె, షురువైందా?"

"ప్రేయర్ అయింది. ఇప్పుడే కూసున్నరు. రా, కూసో."

ఉప్పు కావాల్సినవాళ్లు, సబ్బు కావాల్సినవాళ్లు ఐలేశం కోసం మా ఇంటికే వస్తారు. వచ్చినవాళ్లు నిలబడి చూస్తారు, తర్వాత కూర్చుంటారు. ఉప్పు సంగతి మరిచిపోతారు. ఆ పూట ఊళ్లో సగం ఇళ్లల్లో చప్పటి కూరలు. బీపీకి ఎంత మంచిదో డాక్టర్లను అడగండి!

ఇంతమంది కళ్లు పడితే బిడ్డకు దిష్టి తగలదా? తగులుతుంది. దానికీ మా అమ్మ ఉపాయం కనిపెట్టింది. గుప్పిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని టీవీ చుట్టూ తిప్పి పొయ్యిలో వేస్తుంది. తెర మీద మిగతా పిల్లలు కూడా ఉంటారు కనుక క్లాసు మొత్తానికి ఉచితంగా దిష్టి పోతుంది. ఒకరోజు ఆమె అట్లా తిప్పుతుండగానే నెట్ ఆగిపోయి, తెర నడుమ గుండ్రటి గీత గిరగిరా తిరగడం మొదలైంది.

"సూసినవా ఐలేశం! ఎంత దిష్టి వడ్డదో, ఎట్ల తిరుగుతాందో సూడు!"

ఐలేశం లేచి నిలబడి దండం పెట్టాడు. నేనూ పెట్టాను. ఎందుకైనా మంచిదని.

ఇక వ్యవసాయానికి ఈ కెమెరా చేసిన మేలు వ్యవసాయ శాఖ కూడా చేసి ఉండదు. నేను చేను గట్టు మీద సెల్లు పట్టుకుని కూర్చుంటాను. పల్లి చేనులో కలుపు తీసే ఆడవాళ్లు సాలుకొకసారి అడుగుతారు.

"అన్నా, బిడ్డ ఏం జేస్తాంది?"

"పండుకున్నదమ్మా. మధ్యాహ్నం వాళ్లను పండవెడతరు."

"అయ్యో, బిడ్డ పండుకున్నంక మనం ముచ్చట్లు వెట్టుకుంట కలుపు దీస్తే బాగుంటదా? సప్పుడైతది" అంటూ వాళ్లూ వేపచెట్టు నీడకు పోయి కొంగు పరుచుకున్నారు. కలుపు మొక్కలకు కూడా ఆ పూట విశ్రాంతి. బతుకనీయండి, అవీ జీవులే కదా!

మొన్నామధ్య పట్టా పని మీద పాలమూరు పోయాను. ఏ ఆఫీసో ఎందుకులెండి. సీట్లో ఉన్నాయన తల ఎత్తకుండా సెల్లు చూస్తున్నాడు. ఒళ్లు మండి తొంగి చూశాను. అదీ క్లాసే! ఆయన కొడుకు ఎల్‌కేజీ. ఆయన వాళ్ల వాణ్ని చూపించాడు, నేను మా పిల్లను చూపించాను. ఇద్దరం చాయ్ తాగుతూ రెండు క్లాసులూ చూశాం. పట్టా పని కాలేదు. కానీ వెనకటి కాలంలో ఆఫీసువాళ్లకూ రైతులకూ ఇంత స్నేహం ఉండేదా? చెప్పండి!

న్యాయం విషయంలో కూడా కెమెరాకు తిరుగులేదు. ఒకరోజు అన్నాల వేళ మా అమ్మ మంచం మీది నుంచి దిగ్గున లేచింది. పక్క బెంచీ పిలగాడు మా పిల్ల డబ్బాలో చెయ్యి పెట్టి సకినం తీసుకున్నాడు. మంజులత వెంటనే ఆ పిలగాని తల్లికి ఫోన్ కొట్టింది.

"ఏందమ్మా, మీ పిలగాడు మా బిడ్డ సకినాలు గుంజుకుంటుండు! ఇంట్ల పెడ్తలేరా?"

"గుంజుకునుడు ఏడిదమ్మా? నేను సుత చూస్తనే ఉన్న. ముందుగాల మీ బిడ్డనే మా వాని అరటిపండు కొరికింది!"

"మా బిడ్డ అరటిపండు ముట్టనే ముట్టదు!"

"గట్లనా? అయితే ఇప్పుడు తింటాంది సూడు. నోరు పెద్దగ జేసుకొని సూడు!"

ఆ ఇంటి నుంచి మేనత్త దిగింది, ఈ ఇంటి నుంచి మా అమ్మ దిగింది. వంశాలు బయటికొచ్చాయి, పెళ్లిళ్లలో జరిగిన మర్యాదలు బయటికొచ్చాయి. టీవీలో మాత్రం మా పిల్లా, ఆ పిలగాడూ ఒకే సకినాన్ని చెరో పక్క నుంచి కొరుకుతూ, ముక్కులు తగిలినప్పుడల్లా పడీపడీ నవ్వుతున్నారు. పిల్లలు. వాళ్లకు న్యాయం గురించి ఏం తెలుసు?

ఇన్ని లాభాలున్నాయి కానీ, అన్నిటికంటే పెద్ద లాభం సాయంత్రం పూట.

"అవ్వా, ఇయ్యాల మా క్లాసుల..."

"చూసిన బిడ్డా. నీళ్ల బాటిల్ కింద వడ్డది. బట్టలు తడుపుకున్నవు."

"మమ్మీ, మరి నేను..."

"చూసిన. డ్యాన్సుల అందరు కుడి చెయ్యి లేపితే నువ్వు ఎడమ చెయ్యి లేపినవు. రేపు మంచిగ చెయ్యాలె."

నిహారిక కాసేపు ఆలోచించి నా దగ్గరికి వచ్చింది.

"డాడీ, ఇయ్యాల మా క్లాసులకు కోతి వచ్చి పాట పాడింది."

తండ్రిగా నా బాధ్యత నేను మరవలేదు. "అబద్ధం ఆడొద్దు బిడ్డా. ఏ కోతి రాలే. పొద్దందాక నేను చేన్ల కూసొని చూస్తనే ఉన్న."

"అవునవును, రాలే. నేను సుత చూసిన" అని ఐలేశం కుర్చీలోంచే సాక్ష్యం చెప్పాడు. సత్యమేవ జయతే!

పిల్ల నన్ను చూసింది. ఐలేశాన్ని చూసింది. టీవీని చూసింది. బూటు విప్పుకుంది. రెండోది కూడా విప్పుకుని, రెండింటినీ పక్కపక్కన గోడకు పెట్టింది.

అప్పటి నుంచి మా ఇంట్లో క్రమశిక్షణ చూడాలి మీరు! వ్యాన్ దిగుతుంది. కాళ్లు కడుక్కుంటుంది. పాలు వేడిగా ఉండగానే తాగేస్తుంది. పప్పు అడుగంటడం లేదు. పాత అలవాటు కొద్దీ ఎవరైనా "ఇయ్యాల బడిల ఏమైంది బిడ్డా?" అని అడిగితే, "మీరు చూసిండ్రు గద" అంటుంది. మూడే మూడు మాటలు! ఈ పొదుపు మన సర్పంచులకు, మీటింగుల్లో మైకు వదలని పెద్దమనుషులకు వస్తే దేశం ఎక్కడ ఉండేది?

మా అమ్మకు మాత్రం ఇది నచ్చలేదు.

"బిడ్డ మాట్లాడుతలేదురా. ఏం గాలి సోకిందో ఏమో. దర్గకు తీస్కపోయి తాయెత్తు కట్టిద్దాం."

"మాట్లాడనీకె ఏమున్నదమ్మా? అన్నీ చూస్తనే ఉన్నం గద."

"చూసుడు వేరు కొడుకా" అంది మా అమ్మ. ఆ తర్వాత వక్కలు కొరకడంలో పడింది. ముసలివాళ్లు. టెక్నాలజీ సంగతి వాళ్లకేం తెలుసు?

ఇట్లా బంగారంలా సాగుతున్న రోజుల్లో, మొన్న చేనులో మందు కొడుతుంటే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. మా అమ్మ.

"ఒరేయ్, బిడ్డ టీవీల లేదురా!"

"బాత్రూముకు పోయింటదమ్మా."

"ఎంతసేపు పోతదిరా? బువ్వ తినేటప్పుడు లేదు, ఆటలాడేటప్పుడు లేదు. సంచి ఉన్నది, బిడ్డ లేదు!"

యాప్ తెరిచాను. క్లాసంతా ఉంది. మా పిల్ల కూర్చునే చోట బ్యాగు ఉంది, నీళ్ల బాటిల్ ఉంది. పిల్ల లేదు. మంజులత టీచర్‌కు ఫోన్ మీద ఫోన్ కొడుతోంది, కలవడం లేదు. వేరే ముక్కుల వాళ్లు లైన్లో ఉన్నారు. వెనక నుంచి ఐలేశం గొంతు వినిపించింది. "పెద్ద రోడ్డు పక్కన బడి. లారీలు ఆగకుండ పోతుంటయి..." ఆ మాట అతను పూర్తిచేయలేదు. ఎవరో అతని నోరు మూసినట్టున్నారు.

మందు డబ్బా ఎక్కడ పడేశానో తెలియదు. చేనుకూ బడికీ మధ్య దూరం రోజూ ఉండేదే. ఆ రోజు మాత్రం దాన్ని ఎవరో పట్టుకుని సాగదీశారు. బండి మీద రోడ్డెక్కాక ఎదురొచ్చిన ప్రతి లారీ డ్రైవర్ ముఖమూ చూశాను. ఎందుకు చూశానో అడగకండి.

బడి గేటు దగ్గర బండిని నిలబెట్టలేదు, వదిలేశాను. క్లాసు గుమ్మంలో మెర్సీ టీచర్ ఉంది.

"ఏం సార్, గిట్లొచ్చిండ్రు? ఏమైంది?"

"మా పాప ఏది టీచర్?"

"లోపలనే ఉన్నది కద సార్!"

తలుపు వెనకాల, బొమ్మల బీరువాకూ గోడకూ మధ్యనున్న సందులో నా బిడ్డ గొంతుక్కూర్చుని ఉంది. కెమెరా సరిగ్గా దాని నెత్తి మీద గోడకు ఉంది. క్లాసునంతా చూసే కన్ను, తన కాళ్ల కిందికి మాత్రం చూడదు.

"బువ్వ బెల్లుకు ముందు వచ్చి అడిగింది సార్, ఇది ఎటు చూస్తది టీచర్ అని" అంది మెర్సీ టీచర్. "ముందటికి చూస్తదమ్మా, కిందికి చూడదు అని చెప్పిన. అప్పటిసంది ఆడనే కూసున్నది. బువ్వ సుత ఆడనే తిన్నది. పిలిస్తే, జర ఉండుండ్రి టీచర్, నాకు పని ఉన్నది అంటది."

నేనూ ఆ సందు ముందు గొంతుక్కూర్చున్నాను.

"ఏం బిడ్డా, గీడ కూసున్నవేంది? అందరం పరేషాన్ అయినం."

పిల్ల గుసగుసగా అడిగింది. "డాడీ, గీడ కూసుంటే నేను మీకు కనబడ్తనా?"

"కనబడ్తలేవు."

"అవ్వకు?"

"అవ్వకు సుత కనబడ్తలేవు."

"ఐలేశం తాతకు?"

"ఎవ్వరికీ కనబడ్తలేవు బిడ్డా."

దాని ముఖం విప్పారింది. "అయితే ఇంటికొచ్చినంక చెప్త. మీరు చూడలే గద. అప్పుడు వింటరు."

నా ముక్కు కారింది. మెర్సీ టీచర్ అలవాటు కొద్దీ చేతిగుడ్డ తీసి ముందుకు వంగి, మళ్లీ గుర్తొచ్చి ఆగిపోయింది.

పోతుంటే ప్రిన్సిపాల్ గారు ఎదురొచ్చి ఎంతో మర్యాదగా అన్నారు. "సారీ సార్, మా పొరపాటే. ఆ మూల కవర్ కాలేదు. వచ్చే వారమే అక్కడ ఇంకొక కెమెరా పెట్టిస్తాం. క్లాసులో ఒక్క అంగుళం కూడా వదలం."

ఎంత శ్రద్ధ! నేను దండం పెట్టి బిడ్డను బండి మీద కూర్చోబెట్టుకుని వచ్చాను. దారి పొడవునా పిల్ల ఒక్క ముక్క చెప్పలేదు. ఇంట్లోనే చెబుతానంది.

ఇంటి ముందు వాడకట్టు జనమంతా ఉన్నారు. మంజులత బిడ్డను లాక్కుని ఒళ్లంతా తడిమి చూసింది. నిహారిక ఆ చేతులు విడిపించుకుని, వాళ్లవ్వ మంచం ఎక్కి, అందరినీ ఒకసారి కలియజూసింది.

"మీరెవ్వరు చూడలే గద?"

"నీ తోడు బిడ్డా, ఎవ్వరం చూడలే" అంది మా అమ్మ.

"ఆ మూలకు ఒక ఎలుక ఉన్నది. వాళ్ల డాడీ ఫీజు కట్టలేడంట. అందుకే దాసుకొని సదువుకుంటాంది."

"అయ్యో నా తల్లి! మరి పుస్తకాలో?"

"ఉన్నయి. సదివినంక తింటది."

ఐలేశం కుర్చీ ముందుకు జరిపాడు. "ఎలుక ఏడిదే? పొద్దుగాలసంది చూస్తున్న, నాకైతే తోక సుత..."

"నోర్మూయ్ ఐలేశం!" అని గద్దించింది మా అమ్మ. "నీకు చెప్పి పోతదా ఎలుక? నువ్వు చెప్పు బిడ్డా. గణితం వస్తదా దానికి?"

మంజులత లేచి టీవీ కట్టేసింది. ఎలుకకు యూనిఫాం కుడితే తోకకు వేరే గుడ్డ కావాలా, అదే గుడ్డలో సర్దుకుంటుందా అన్న దగ్గర కథ చాలాసేపు నిలబడింది.

ఇదంతా చదివి నేను కెమెరాకు వ్యతిరేకినని మీరు అనుకుంటే నా రాత వృథా! కెమెరా వరమే. ఆ మూలకు రెండోది పెట్టిస్తామంటే నాకేమీ అభ్యంతరం లేదు. సంతకం కావాలంటే ఇస్తాను, నిచ్చెన కావాలంటే మా ఇంటి నుంచే తెస్తాను. కాకపోతే ఒక పౌరునిగా యాజమాన్యం వారికి ఒక్క సంగతి ముందే చెప్పడం నా ధర్మం. అక్కడ ఎలుక ఉంది. నా బిడ్డ కళ్లారా చూసింది. పుస్తకాలనే మిగల్చని ఎలుక, వైరును బతకనిస్తుందా? నేను పూచీ ఇవ్వలేను.

ఏదో ఒక పొద్దున ఆ వైరు తెగి కనిపిస్తే, కొరికింది ఎలుకేనా, ఇంకెవరన్నానా అని మాత్రం నన్ను అడగకండి.

నేను చూడలేదు.